కట్టడాల కదలికను కనిపెట్టడం: సెన్సర్లు, కొలతల పరంపర, మేడిగడ్డ ఉదంతం

ప్రవేశిక

2023 అక్టోబరు 21న జయశంకర్ భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ వద్ద గోదావరిపై నిర్మించిన బ్యారేజి ఏడవ బ్లాకులో 20వ పియరు కుంగింది. 85 గేట్లు గల ఈ బ్యారేజికి 2019 జూన్ 21న ప్రారంభోత్సవం జరిగింది. అంటే నాలుగేళ్ళ నాలుగు నెలలకే ఈ ప్రమాదం సంభవించింది. పరిశీలనకు వచ్చిన జాతీయ ఆనకట్టల భద్రతా ప్రాధికార సంస్థ బృందం, పునాది కింది ఇసుక నీటితోపాటు కొట్టుకుపోవడం వల్ల కుంగుబాటు జరిగిందని అభిప్రాయపడింది. ప్రణాళిక, రూపకల్పన, నాణ్యతా నియంత్రణ లోపాలను ఎత్తిచూపింది. వీటికి తోడు తనిఖీ, నిర్వహణ కొరవడి బ్యారేజి క్రమంగా బలహీనపడిందని కూడా పేర్కొంది.

ఆ నివేదికాంశాలపై రాజకీయ చర్చ ఇప్పటికే విస్తారంగా జరిగింది. ‘క్రమంగా’ అన్న మాటపై మాత్రం తగినంత దృష్టి పడలేదు. క్రమంగా బలహీనపడేది ఆనవాళ్ళు విడుస్తుంది. ఆ ఆనవాళ్ళను అంకెలుగా పట్టుకొనేవి సెన్సర్లు. అవి ఎలా పనిచేస్తాయో, ఏది చెప్పగలవో, ఏది చెప్పలేవో వివరించడం ఈ వ్యాసోద్దేశం.

ఊట, బుంగ, గండి

కట్టడాలపై నిఘా మనకు కొత్త కాదు. హైదరాబాదుకు ఉత్తరాన కండ్లకోయ, మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలు చెరువుల నేల. తెలంగాణ పల్లెల్లో చెరువు కట్టను, తూమును కనిపెట్టి ఉండడం నీరటికాని బాధ్యత. కట్ట అవతలి వాలులో తేమ కనిపిస్తే అది ఊట. ఊట ధారకట్టి మట్టిని తోడుకుంటూ లోపల దారి చేసుకుంటే బుంగ. బుంగ పెద్దదై కట్ట తెగితే గండి. ఈ మూడు మాటలు ఒకే ప్రమాదంలోని మూడు దశలు. తేటగా వచ్చే ఊటకు అంతగా భయపడనక్కరలేదు, బురదగా మారితే మాత్రం తక్షణం కదలాలి. ఎందుకంటే ఆ నీరు తనతో కట్టనే మోసుకొస్తోంది.

మేడిగడ్డ విషయంలో ఇంజినీర్లు ‘పైపింగ్’ అన్నది ఈ బుంగనే. వాడుకలో ఉన్న మాటను వదిలి వేరే మాట రాస్తే పాఠకునికి అర్థం చేరువ కాదు. పరిభాషా నిర్మాణంలో పనిచేసేవారు గమనించదగిన అంశమిది. అయితే ఒక తేడా ఉంది. చెరువు కట్టకు పడిన బుంగ నోరు కంటికి కనిపించే అవకాశం ఉంటుంది. బ్యారేజి పునాది కింద, నీటిలో పడే బుంగ కనిపించదు. అక్కడ కన్ను చేసే పనిని పరికరం చేయవలసిందే.

తీగ చెప్పే అంకె

ఈ రంగంలో విస్తారంగా వాడుకలో ఉన్నది కంపన తీగ పరికరం. దీని సూత్రం వీణ తెలిసినవారికి కొత్త కాదు. బిరడా బిగిస్తే తీగ శ్రుతి పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. ఉక్కు గొట్టంలో బిగించిన సన్నని తీగను కాంక్రీటులో పాతిపెడతారు. కాంక్రీటు సాగితే తీగ బిగుస్తుంది, కుంచించుకుంటే సడలుతుంది. పక్కనున్న విద్యుదయస్కాంతం తీగను మీటి, అది సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తున్నదో లెక్కిస్తుంది. కంపన సంఖ్య వర్గంలోని మార్పును బట్టి కాంక్రీటు ఎంత సాగిందో తెలుస్తుంది. వందల మీటర్ల కేబుల్ గుండా ప్రయాణించినా కంపన సంఖ్య మారదు కనుక దశాబ్దాల పాటు వాడదగిన పరికరంగా దీనికి పేరు వచ్చింది.

ఇదే తీగ చివరను పలుచని లోహపు పొరకు కలిపితే అది పీజోమీటరు అవుతుంది. మట్టి రేణువుల మధ్య నీటి ఒత్తిడికి పొర వంగుతుంది, తీగ శ్రుతి మారుతుంది. ఇసుకపై కట్టిన బ్యారేజికి ఇదే ఆయువుపట్టు. ఎగువన నిలిచిన నీరు పునాది కిందినుంచి దిగువకు దారి వెతుక్కుంటుంది. ఆ దారిని పొడిగించి వేగాన్ని తగ్గించడానికే భూమిలోకి కాంక్రీటు తెరలు దించుతారు. పునాది వెంట వరుసగా అమర్చిన పీజోమీటర్లలో ఒత్తిడి ఎగువనుంచి దిగువకు మెట్లు దిగినట్టు తగ్గుతూ రావాలి. నదిలో నీటిమట్టాలు మారకుండానే దిగువ పీజోమీటరులో ఒత్తిడి పెరుగుతున్నదంటే, నీటికి ఎక్కడో దగ్గరదారి దొరికిందని అనుమానించాలి. పియరు కుంగకముందే అనుమానించవచ్చు.

వంపును కొలిచే టిల్ట్‌మీటర్లు, పగులు వెడల్పును కొలిచే క్రాక్‌మీటర్లు, భూకంపనాలను నమోదు చేసే యాక్సిలరోగ్రాఫులు కూడా ఉన్నాయి. 1967 డిసెంబరు 11న కోయనా భూకంపం వచ్చినప్పుడు ఆ డ్యాంలోని యాక్సిలరోగ్రాఫు నమోదు చేసిన రేఖలను నేటికీ పరిశోధకులు ప్రపంచవ్యాప్తంగా వాడుతున్నారు. మేస్త్రీ దారానికి కట్టి గోడ నిలువు చూసుకొనే గుండు సైతం పెద్ద డ్యాంలలో లోతైన బావుల్లో వేలాడుతూ మిల్లీమీటరు లోపు కదలికను చెబుతుంది. పరికరం ఖరీదును బట్టి కొలత విలువను నిర్ణయించలేమనడానికి ఇదొక నిదర్శనం.

అంకె వేరు, అర్థం వేరు

ఒంటరి అంకె ఏమీ చెప్పదు. కండ్లకోయ వద్ద నాగపూర్ జాతీయ రహదారి, ఔటర్ రింగ్ రోడ్డు కలిసే చోట ఉన్న వంతెనల వంటి కట్టడాన్ని తీసుకుందాం. డిగ్రీ సెల్సియస్ వేడికి కాంక్రీటు మీటరుకు సుమారు మైక్రోమీటర్లు పది చొప్పున సాగుతుంది. 30 మీటర్ల దూలం 20 డిగ్రీల తేడాకు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇది జబ్బు కాదు, ఊపిరి. చలికాలంలో అది వెనక్కి వస్తుంది. వెనక్కి రాకుండా ఏటా కొంత మిగిలిపోయే భాగమే ఆందోళనకరం. ఆ మిగులును వేరుచేయాలంటే ఉష్ణోగ్రత, నీటిమట్టం, బరువులతో కూడిన కొన్నేళ్ళ నమోదు ఉండాలి. మధ్యలో ఆరు నెలలు రీడింగులు లేకపోతే పరంపర తెగిపోతుంది.

రీడింగు ఉన్నా అది చేరవలసిన వారికి చేరాలి. కంపన తీగ పద్ధతికి ఆద్యుల్లో ఒకరైన ఫ్రెంచి ఇంజినీరు ఆంద్రే కోయిన్ 1930ల్లోనే దానికి పేటెంటు పొందాడు. ఆయనే రూపకల్పన చేసిన మాల్పాసే డ్యాం 1959 డిసెంబరు 2 రాత్రి తెగిపోయి 400 మందికి పైగా మరణించారు. అదే ఏడాది వేసవిలో తీసిన కొలతల్లో డ్యాం అడుగుభాగపు కదలిక నమోదైంది. విశ్లేషించి హెచ్చరించవలసిన వారి వద్దకు అది సకాలంలో వెళ్ళలేదు. కొలత విద్యలో ఆరితేరిన వాని కట్టడానికే ఈ గతి పట్టడం విషాదకరమైన వైచిత్రి.

మన దేశంలో 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం, తన పరిధిలోకి వచ్చే ప్రతి డ్యాంలో కనీస పరికరాలు అమర్చి, రీడింగుల రికార్డు ఉంచి, విశ్లేషణను రాష్ట్ర ఆనకట్టల భద్రతా సంస్థకు పంపాలని యజమానిని ఆదేశిస్తున్నది. చట్టం పరికరాన్ని మాత్రమే కాక రికార్డునూ కోరడం సముచితం. పరికరాన్ని టెండరు ద్వారా తెప్పించవచ్చు. దానిని ఏళ్ళ తరబడి చదివే ఉద్యోగిని, అతను బదిలీ అయితే వచ్చే మరో ఉద్యోగిని, వారు చదివినదాన్ని ప్రశ్నించే పై అధికారిని టెండరులో తెప్పించలేము.

పాత కట్టడాల విషయంలో మరో చిక్కు ఉంది. ఏ సెన్సరైనా అమర్చిన రోజు రీడింగునే మొదలుగా తీసుకొని, ఆపై వచ్చిన మార్పునే చెబుతుంది. మేడిగడ్డ ఏడవ బ్లాకులో ఇకపై ఎంత సున్నితమైన పరికరం అమర్చినా, 2019 జూన్‌కు, 2023 అక్టోబరుకు నడుమ ఆ ఇసుకలో ఏ నెలలో ఏం కదిలిందో అది చెప్పలేదు.