బడి పాఠానికి సెల్‌ఫోన్ కెమెరా
పిల్లలను చూపాలంటే ముందుగా తల్లిదండ్రుల అనుమతి

తరగతిలో చెప్పిన పాఠం గంట మోగగానే ముగుస్తుంది. దానినే వీడియోగా చిత్రీకరిస్తే ఆ రోజు బడికి రాలేకపోయిన విద్యార్థికీ అందుతుంది. కరోనాతో 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు ఈ అవసరం స్పష్టమైంది. తెలంగాణలో అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. అయితే సొంత ఊరి చెరువును, నేలను చూపి పాఠం చెప్పగలిగేది స్థానిక ఉపాధ్యాయులే.

తయారీ ఇలా..
* ఒక వీడియోలో ఒకే అంశం ఉండాలి. ఐదారు నిమిషాలకు మించకుంటే మేలు.
* చెప్పదలచిన విషయాన్ని ముందుగా కాగితంపై రాసుకోవాలి.
* సెల్‌ఫోన్‌ను అడ్డంగా, కదలకుండా అమర్చాలి. కిటికీ వెలుతురు ముఖంపై పడాలి. కిటికీ వెనుకవైపు ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది.
* దృశ్యం కాస్త మసకబారినా నష్టం లేదు. మాట వినిపించకుంటే పాఠమే వృథా. ఫ్యాన్లు ఆపి, చొక్కాకు తగిలించే చిన్న మైకు వాడాలి.

ఇవి మరువరాదు..
18 ఏళ్లలోపు వారి వ్యక్తిగత సమాచారం వినియోగానికి తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అనుమతి అవసరమని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పేర్కొంటోంది. విద్యార్థి పేరు, ముఖం, ఊరు ఒకేచోట కనిపించనీయరాదు. ప్రయోగం చేసే చేతులను మాత్రమే చూపినా పాఠం అర్థమవుతుంది. యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్'గా ఉంచిన వీడియో సైతం లింకు అందిన ఎవరికైనా కనిపిస్తుంది. ఒకసారి చేతులు మారిన దృశ్యాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం.