పులి కనిపించకపోయినా పర్లేదు

సఫారీ జీపు గేటు దాటీ దాటగానే వెనక సీట్లోంచి వచ్చే ప్రశ్న ఒక్కటే: ‘‘పులి ఎప్పుడొస్తుంది?’’

నిజాయితీగా జవాబు చెప్పాలంటే లెక్కలు విప్పాలి. 2022 జాతీయ గణన అంచనా ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పులులు 63, తెలంగాణలో 21. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఒక్కటే 3,728 చదరపు కిలోమీటర్లు. విస్తీర్ణంలో దేశంలో దానికి మించింది లేదు. కృష్ణకు ఆవలి ఒడ్డున, తెలంగాణ వైపు, అమ్రాబాద్ ఇంకో 2,611. ఇంత అడవిలో అన్ని తక్కువ పులుల్లో ఒకటి, సరిగ్గా ఆ రెండు మూడు గంటల్లోనే, సరిగ్గా ఆ జీపు బాట మీదికే రావాలి. సాధారణంగా రాదు. తెల్లవారుజామున లేపి, కునికిపాట్లు పడుతున్న పిల్లల్ని బండెక్కించిన తండ్రికి విసుగు, పిల్లలకు నిరాశ. ‘‘ఇదేనా అడవంటే’’ అన్న మాటతో ఆ ప్రయాణం ముగుస్తుంది.

తప్పు అడవిది కాదు, ఎంచుకున్న చోటుది. ఆరేళ్ల పిల్లకైనా పదేళ్ల పిల్లాడికైనా కావలసినవి మూడు. వెళ్తే జంతువు కచ్చితంగా కనిపించాలి. కాస్త దగ్గరగా కనిపించాలి. కనిపించినంతసేపూ ఏదో ఒక పని చేస్తూ ఉండాలి. ఈ మూడూ కుదిరే చోట్లు తెలుగు నేల మీద బోలెడున్నాయి. వాటిలో చాలావాటికి జీపే అక్కర్లేదు.

చెరువు గట్టున పురిటిళ్లు

సంక్రాంతి సెలవుల్లో చూడాలంటే ముందు చెప్పుకోవలసింది నేలపట్టు. తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారికి కాస్త పక్కన ఉంటుంది. 1976లో పక్షుల సంరక్షణ కేంద్రమైంది. చెరువు నీళ్లలో నిలబడ్డ నీటి కడప చెట్ల మీద గూడబాతులు వందల కొద్దీ గూళ్లు కడతాయి. అక్టోబరులో మొదలయ్యే ఈ సందడి మార్చి దాకా సాగుతుంది. జనవరికి గూళ్లలో పిల్లలుంటాయి. తల్లి పులికాట్ సరస్సు నుంచి చేపలు మోసుకొచ్చి గూటి మీద వాలిన క్షణం నుంచీ గొడవే గొడవ. పిల్ల తన తలను మెడ దాకా తల్లి గొంతు సంచిలోకి దూర్చి తింటుంది. మొదటిసారి చూసే పిల్లలు తల్లే పిల్లను మింగేస్తోందనుకుని కేకలు పెడతారు. అసలు సంగతి చెప్పాక ఇక అక్కణ్ణుంచి కదలరు.

ఊళ్లో రైతులకూ ఈ గూళ్ల మీద మమకారం ఉంది. రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువు. పక్షులకు ఊరి కాపలా, ఊరికి పక్షుల ఎరువు. ఈ ఒప్పందాన్ని ఏ కాగితం మీదా ఎవరూ రాసుకోలేదు.

నేలపట్టు నుంచి సూళ్లూరుపేట వచ్చి శ్రీహరికోట దారి పడితే రోడ్డుకు రెండు పక్కలా పులికాట్ పరుచుకుని ఉంటుంది. చిలికా తర్వాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చలికాలంలో లోతు లేని నీళ్లలో రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, బారులు తీరి మేస్తుంటాయి. తలను తలకిందులుగా ముంచి, ముక్కుతో నీటిని వడగట్టుకుని తింటాయి. తినే నాచులోంచి, రొయ్యల్లాంటి చిన్న జీవుల్లోంచి వచ్చిన రంగు పదార్థాలే వాటి ఈకలను గులాబీగా మారుస్తాయి. గుంపులో బూడిద రంగువి ఉంటే అవి ఇంకా రంగెక్కని పిల్లలు. ఎన్ని గులాబీ, ఎన్ని బూడిద అని లెక్కపెట్టమంటే చాలు, అరగంట ఇట్టే గడిచిపోతుంది. రాకెట్ ప్రయోగం చూడ్డానికి శ్రీహరికోట వెళ్లే కుటుంబాలు ఈ దారినే వెళ్తాయి. కారు అద్దం దించి ఒక్కసారి పక్కకు చూసేవాళ్లే తక్కువ.

సూళ్లూరుపేటలో 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ సాధారణంగా జనవరిలో జరుగుతుంది. వేడుక కోసమైతే అప్పుడే వెళ్లాలి. పక్షుల కోసమైతే మైకులు మోగని మామూలు రోజే మేలు.

గుంటూరు వాళ్లకు ఇంత దూరం కూడా అవసరం లేదు. ఊరి పొలిమేర దాటితే ఉప్పలపాడు. పేరుకు పల్లెటూరి చెరువే. అందులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, కంకణాలు కిక్కిరిసి ఉంటాయి. గట్టు మీద నిలబడితే బైనాక్యులర్ లేకుండానే కనిపిస్తాయి. సాయంత్రం అయిదు దాటాక వెళ్తే మేత నుంచి గుంపులు గుంపులుగా తిరిగొచ్చి, ఉన్న కాస్త చోటు కోసం కొమ్మ కొమ్మకూ తగువులాడుకోవడం చూడొచ్చు. కైకలూరు దగ్గరి ఆటపాకలో, కొల్లేరు అంచున, గూడబాతులకు చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పాతారు. వాటి మీదే కాపురాలు పెట్టేశాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనైతే పక్షులు రావడం ఆలస్యమైతే ఊరు ఊరంతా దిగాలు పడుతుంది. అవి రాకపోతే వానలూ పంటలూ ఉండవని అక్కడి పెద్దల నమ్మకం. పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు.

ఇక్కడో మాట. మన పేపర్లలో, టీవీల్లో ఈ పక్షులన్నిటినీ టోకున ‘సైబీరియా అతిథులు’ అనేయడం అలవాటైపోయింది. గూడబాతుకు గానీ, ఎర్రకాళ్ల కొంగకు గానీ, నత్తగుల్ల కొంగకు గానీ సైబీరియాతో ఏ సంబంధమూ లేదు. అవి ఈ దేశపు చెరువుల వెంట తిరుగుతూ ఇక్కడే గుడ్లు పెట్టే పక్షులు. ఉత్తరాది చలి తప్పించుకుని నిజంగా దేశాలు దాటి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతులు వాటిలో ఒకటి. బార్ హెడెడ్ గూస్ అయితే హిమాలయాల మీదుగానే ఎగిరొస్తుంది. పిల్లలకు చెప్పేటప్పుడైనా ఈ తేడా చెప్పాలి. ‘ఇవి మన ఊరివే’ అన్నది సైబీరియా కథ కన్నా తక్కువేం కాదు.

ఆటూ పోటూ చూసుకుని

కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో మడ అడవుల మధ్య నుంచి చెక్క బాట వేశారు. నేల మీద అడుగు పెట్టకుండా, బురద అంటకుండా లోపలికి నడిచిపోవచ్చు. వెళ్లాల్సింది పోటు తగ్గాక. నీళ్లు వెనక్కి తీశాక బురద పైకి తేలుతుంది, అసలు ఆట అప్పుడు మొదలవుతుంది. ఒక చెయ్యి చిన్నదీ ఒక చెయ్యి దాదాపు తన ఒంటంత పెద్దదీ ఉన్న మగ పీతలు ఆ పెద్ద చేతిని ఊపుతూ ఆడ పీతలను పిలుస్తుంటాయి. నీళ్లు వదిలి బురద మీద గెంతుతూ తిరిగే చేపలుంటాయి. చేప నేల మీద నడవడం పిల్లలు నమ్మరు. రెప్ప వాల్చకుండా చూశాక నమ్ముతారు.

నేలలోంచి మేకుల్లా నిటారుగా పైకి లేచినవి మడ చెట్టు వేళ్లు. బురదలో గాలి ఆడదు గనక పైకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. వేళ్లు ఇలా అల్లుకుని ఉండబట్టే తుపానులప్పుడు అలల దెబ్బ కొంత ఇక్కడే ఆగుతుంది. ఈ తీరానికి తుపానులు కొత్త కాదు. ఒకప్పుడు ఓడల రేవుగా వెలిగిన కోరింగను 1839 నాటి ఉప్పెన ముంచేసింది. పిల్లల్ని ఒక్క విషయంలో మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. మడ అడవుల్లో తిల్ల చెట్టు ఉంటుంది. దాని ఆకు తెంపితే కారే పాలు కంట్లో పడితే ప్రమాదం. కాబట్టి ఏ ఆకూ తెంపకూడదు.

విశాఖ వెళ్లే కుటుంబాలు బీచ్‌లో ఇసుక గూళ్లు కట్టి, మొక్కజొన్న కంకి తిని వచ్చేస్తాయి. అదే తీరంలో రుషికొండ, యారాడ, మంగమారిపేట దగ్గర రాళ్ల మధ్య గుంటలుంటాయి. అమావాస్యకూ పౌర్ణమికీ అటూ ఇటూ సముద్రం బాగా వెనక్కి తగ్గిన వేళ వాటిలో సముద్రపు అడుగు జీవితం చిన్న ముక్కగా మిగిలిపోతుంది. ముట్టుకోబోతే ముడుచుకునే సీ అనిమోన్లు, ఖాళీ శంఖాన్ని ఇల్లు చేసుకుని మోసుకు తిరిగే పీతలు, ముళ్లుండే సీ అర్చిన్లు. ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ అనే స్థానిక బృందం ఇక్కడ పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్లే నడకలు నిర్వహిస్తోంది. తెలిసినవాళ్లతో వెళ్తేనే మంచిది. అందంగా కనిపించే కొన్ని శంకువు ఆకారపు గుల్లల్లోని నత్తలు విషంతో పొడుస్తాయి. ఖాళీ గుల్లలూ తెచ్చుకోవద్దు. అవి పీతలకు కావలసిన ఇళ్లు.

ఇవన్నీ ఒక ఎత్తు, తాబేలు పిల్లలు ఒక ఎత్తు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఒడ్డుకొచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. కుక్కలూ నక్కలూ తవ్వేయకుండా అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు ఆ గుడ్లను ఏరి కంచె వేసిన హేచరీల్లో పొదిగిస్తాయి. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వెచ్చదనాన్ని బట్టే లోపల ఆడో మగో తేలుతుంది. వేడి ఎక్కువైతే ఎక్కువ ఆడవి. విశాఖలోనూ, కోస్తాలో ఇంకా కొన్ని తీరాల్లోనూ ఈ పిల్లల్ని తెల్లవారుజామున సముద్రంలోకి వదిలేటప్పుడు జనాన్ని రానిస్తారు. ఏ రోజు వదులుతారన్నది ముందు రోజు గానీ తేలదు గనక అటవీ సిబ్బందిని అడిగి ఉంచుకోవాలి. చూడ్డానికి వెళ్లినవాళ్లు సెల్‌ఫోన్ ఫ్లాష్ వేయకూడదు. వెలుగు ఎటుంటే అటు నడుస్తాయి తాబేలు పిల్లలు. ఎత్తి నీళ్లలో వేయాలని చెయ్యి ఊరుకోదు, ఆపుకోవాలి. వాటి నడక వాటినే నడవనివ్వాలి.

అడవికీ వెళ్లండి

పులి కనిపించదని అడవి మానేయమని కాదు. వెళ్లే పద్ధతి మారితే చాలు. నల్లమలలో ఆత్మకూరు దగ్గరి బైర్లూటి, నంద్యాల–గిద్దలూరు దారిలోని పచ్చర్ల క్యాంపుల్లో, అమ్రాబాద్ వైపు మన్ననూరులో రాత్రి బస ఉంది. దారి చూపేవాళ్లలో చెంచు యువకులున్నారు. జీపు దిగి, వాళ్ల వెంట అనుమతి ఉన్న బాటలో గంట నడిస్తే పిల్లలకు అడవి అర్థం కావడం మొదలవుతుంది. బాట మీద దుమ్ములో అడుగు ఎవరిది, చెట్టు బెరడు మీద గీరింది ఎవరు, పుట్టను తవ్వి చెదల్ని జుర్రుకుంది ఎలుగుబంటేనా, కొమ్మల చివర గుండ్రటి ఆకుల గూడు బెట్టుడుతదేనా... ఒక్కో గుర్తూ ఒక్కో పొడుపుకథ. కొండముచ్చు చెట్టు మీంచి తెంపి పడేసిన ఆకుల కోసం దుప్పులు కింద చేరతాయి. పైనున్నదానికి చూపెక్కువ, కిందున్నవాటికి వాసన పట్టడం ఎక్కువ. పులి వస్తోందని ఎవరికి ముందు తెలిస్తే వాళ్లు అరుస్తారు. ఆ అరుపు వినిపించినప్పుడు అందరూ ఊపిరి బిగబట్టడం ఉందే, పులి రాకపోయినా దాన్ని పిల్లలు మరిచిపోరు.

కాలం చూసుకోవాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా పులుల అభయారణ్యాల లోపలి భాగాల్లో సందర్శన మూసేస్తారు. దసరా సెలవులకు అడవి పచ్చగా ఉంటుంది, అయితే పొదలు దట్టం. ఏప్రిల్, మే నెలల్లో ఎండలు మండినా జంతువులు నీటి గుంటల దగ్గరికి చేరతాయి. అటవీ సిబ్బంది నీళ్లు పోసే సాసర్ పిట్ల దగ్గర పొద్దున్నే ఏదో ఒకటి కనిపిస్తుంది. చిన్న పిల్లలతో అయితే వేసవి వద్దు, అంతే.

శ్రీశైలం ఘాట్‌లో కారాపి కోతులకు అరటిపళ్లు విసరడాన్ని పుణ్యమనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. రోడ్డు మీద తిండి అలవాటైన కోతి బండ్ల కింద పడి చస్తుంది, లేదా పిల్లల చేతిలో పొట్లం లాక్కుంటూ కరుస్తుంది. రెండూ పుణ్యం కాదు.

హైదరాబాద్ పిల్లలకు అంత దూరం కుదరని ఆదివారాల్లో అమీన్‌పూర్ చెరువుంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. సంగారెడ్డి దగ్గర మంజీరాలో చలికాలపు ఎండకు మొసళ్లు ఒడ్డున నోళ్లు తెరుచుకుని పడుకుంటాయి. 1980లో మొదలై ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా నడుస్తున్న పక్షి ప్రేమికుల సంఘం నగరం చుట్టుపక్కల నడకలు పెడుతుంది. కొత్తవాళ్లను రమ్మంటుంది. బైనాక్యులర్ కొనాలనుకుంటే ఎనిమిది రెట్లు చూపేది చాలు. అంతకు మించితే పిల్లల చేతిలో బొమ్మ నిలవదు. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో పావుగంట పక్షుల్ని లెక్కపెట్టి పంపితే, పిల్లల లెక్క కూడా శాస్త్రవేత్తల పట్టికలో చేరుతుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి కూడా పంపొచ్చు.

చేతికో చిన్న పుస్తకం

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు జూనియర్ రేంజర్ గురించి చెప్పనక్కర్లేదు. నేషనల్ పార్క్‌లో అడుగుపెట్టగానే పిల్లల చేతికి ఒక పుస్తకం ఇస్తారు. చూసినవి గుర్తించాలి, బొమ్మలు గీయాలి, ప్రశ్నలకు జవాబులు రాయాలి. పూర్తి చేసి చూపిస్తే రేంజర్ ప్రమాణం చేయించి బ్యాడ్జీ ఇస్తాడు. నాలుగో తరగతి పిల్లలకు ఏడాదంతా కుటుంబంతో సహా ఉచిత ప్రవేశం కూడా ఉంది. ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంటికీ తోడేలుకూ వంద గజాలు, అడవిదున్నకు పాతిక గజాలు దూరం ఉండాలన్న నియమం ఆ పిల్లలకు కంఠతా వచ్చేస్తుంది. తర్వాత పెద్దవాళ్లు ముందుకెళ్లబోతే వెనక్కి లాగేది వాళ్లే.

ఇక్కడా వనదర్శిని పేరుతో బడి పిల్లల్ని అడవికి తీసుకెళ్తున్నారు. సొంతంగా వచ్చే కుటుంబాలనూ అలా పలకరించాలి. నేలపట్టులో, ఉప్పలపాడులో, కోరింగలో, మన్ననూరులో టికెట్‌తో పాటు పిల్లల చేతికి తెలుగులో పదహారు పేజీల పుస్తకం, ఒక పెన్సిలు ఇవ్వడానికి పెద్ద ఖర్చేం కాదు. రెండు రాష్ట్రాల అటవీ శాఖలూ వచ్చే సంక్రాంతికైనా ఈ పని మొదలుపెట్టాలి. అప్పటిదాకా ఆ పుస్తకాన్ని ఇంట్లోనే తెల్లకాగితాలు కుట్టి తయారుచేసుకుని తీసుకెళ్లండి.