గోకుడు వానతో మొదలైందా?

వానలు పడ్డాక నార్సింగిలో ఖాళీ ప్లాటు దొరికితే చాలు, వయ్యారిభామ మొలిచేస్తుంది. 1955 ప్రాంతంలో పుణెలో తొలిసారి కంటపడిన ఈ కలుపు పేరుకే వయ్యారి! పొద్దున్నే షికారుకెళ్లిన కుక్క అందులో దూరిందంటే పుప్పొడి కాళ్లకూ పొట్టకూ అంటుకుంటుంది. పుప్పొడి పడకపోతే మనకు తుమ్ములు, దానికి ఎక్కువగా దురద. కాళ్లు నాకుతూనే ఉంటుంది, చెవులు గోక్కుంటూనే ఉంటుంది. లాబ్రడార్లలో ఈ బాధ ఎక్కువ. సాధారణంగా మూడేళ్లలోపే బయటపడుతుంది.

ఇంటికి రాగానే వేళ్ల సందులూ పొట్టా తడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. పిడుదులున్నాయేమో వెతకండి, దురదకు అవీ కారణమే. ఏయే నెలల్లో గోక్కుంటోందో క్యాలెండర్ మీద రాసుకుంటే పశువైద్యుడికి సగం పని తప్పుతుంది. ఇంట్లో ఉన్న జలుబు మాత్ర మాత్రం వేయొద్దు. సూడోఎఫెడ్రిన్ కలిసినదైతే కుక్క ప్రాణానికే ముప్పు.