సలహా మండళ్లలో యానాదికి చోటేది?

ఆరోగ్య విధానం ఢిల్లీలో రూపొందుతుంది. దాని ఫలితం తడ వద్ద పులికాట్ తీరపు యానాది కాలనీలో తేలుతుంది. డాక్టర్ కె. శ్రీనాథరెడ్డి అధ్యక్షతన ప్రణాళికా సంఘం 2010లో నియమించిన నిపుణుల బృందం, వైద్యానికి పన్నుల సొమ్మే ప్రధాన ఆధారం కావాలని, సేవల కొనుగోలును బీమా సంస్థలకు అప్పగించరాదని, 2022 నాటికి ప్రభుత్వ వ్యయం జీడీపీలో 3 శాతానికి చేరాలని సూచించింది. ఆ లక్ష్యం నెరవేరలేదు; 2018లో ఆయుష్మాన్ భారత్ మాత్రం ఆసుపత్రి బీమాను విస్తరించింది. ప్యాకేజీ ధరలు పెంచాలని ఒత్తిడి తేవడానికి కార్పొరేట్ ఆసుపత్రులకు సంఘాలున్నాయి. క్షయకు, రక్తహీనతకు ఊళ్లోనే వైద్యం కోరే యానాదికి అటువంటి ప్రతినిధి లేడు. కులగణన అంకెలు వస్తే సరిపోదు. వాటిని చదివి సలహా చెప్పే స్థానాల్లో దళిత, ఆదివాసీ ప్రజారోగ్య నిపుణులు ఉండాలి. సామాజిక న్యాయం కొలువుల వద్దే ఆగి సలహా మండళ్ల గడప దాటనంతకాలం, విధానం కొందరి మాటగానే మిగులుతుంది.