చౌమహల్లాలో పెళ్లి

హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోని ఖిల్వత్ ప్రాంతంలో ఉంది చౌమహల్లా ప్యాలెస్. పగలు అది మ్యూజియం. సందర్శకుల వేళ ముగిశాక, అనుమతి పొందిన పెళ్లిళ్లకూ విందులకూ దాని ఆవరణ వేదికవుతుంది. అసఫ్‌జాహీ పాలకులు కొలువు తీరిన చోటు ఇది. సలాబత్ జంగ్ కాలంలో, 1750 ప్రాంతంలో నిర్మాణం మొదలైంది. 1857-69 మధ్య ఏలిన అయిదో నిజాం అఫ్జలుద్దౌలా హయాంలో పూర్తయింది. ఏడో నిజాం కాపురం కింగ్ కోఠీలోనే అయినా, ఆయన మనుమడు ముకర్రం జా పట్టాభిషేకం 1967లో ఇక్కడే జరిగింది.

ఆ తరవాత ఏళ్ల తరబడి పట్టించుకునేవారు లేక శిథిలమైన ఈ మహళ్లకు ముకర్రం జా మొదటి భార్య, యువరాణి ఎస్రా చొరవతో మరమ్మతులు జరిగాయి. ఆ పనికి 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. ఇవాళ అతిథి చూసే వెలుగుల వెనక ఎందరో పనివాళ్ల ఓపిక ఉంది.

ఈ కట్టడం పెళ్లికి ఇంతగా నప్పడానికి కారణం అలంకారం కాదు, దాని అమరికే. జనాన్ని పిలిచి కూర్చోబెట్టడానికే దీన్ని కట్టారు. ఉత్తరం ఆవరణలో నీటి కొలను, దాని కొసన ఖిల్వత్ ముబారక్ అనే దర్బారు హాలు. అందులో పాలరాతి గద్దె, పైన 19 బెల్జియం షాండ్లియర్లు. దక్షిణం ఆవరణలో అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్ మహళ్లు. మధ్యలో ఆకాశం కనబడే విశాలమైన జాగా. వందలమంది చేరినా ఊపిరాడనట్టు ఉండదు. కొత్త ఫంక్షన్ హాళ్లలో ఎంత డబ్బు పోసినా ఈ గుణం రాదు.

తెలుగు పెళ్లికి మాత్రం ఒక చిక్కుంది. ముహూర్తం పగటి వేళ పడితే మ్యూజియం సమయంతో పొసగదు. అందుకే పెళ్లి వేరేచోట చేసి, రిసెప్షన్ ఇక్కడ పెట్టుకోవడం తేలిక. రాత్రి లగ్నమైతే ఎదురుకోళ్లకు ఇంత పెద్ద ముంగిలి దొరకడం అదృష్టమే. మండపానికీ హోమానికీ తగిన చోటు ఆరుబయలే. ఎందుకంటే పాత గోడలు డంగు సున్నంతో కట్టినవి. వాటి మీది పూతపని నగిషీలు సున్నితమైనవి. మేకు దిగితే పెచ్చు ఊడుతుంది. తలంబ్రాల పసుపు, దీపం నూనె సున్నంలోకి, పాలరాతిలోకి ఇంకితే ఆ మరక ఒక పట్టాన పోదు. పూలదండలు విడిగా నిలబెట్టిన రాటలకు కట్టుకోవాలి తప్ప కమానులకు కాదు. ఇది అలంకరణ చేసేవారికి వదిలేసే సంగతి కాదు, పెళ్లివారే ముందుగా గట్టిగా చెప్పాలి.

వడ్డనలో ఊరి రుచి ఉండటమే అందం. దమ్ బిర్యానీ, మిర్చీ కా సాలన్, చివర ఖుబానీ కా మీఠా లేదా డబుల్ కా మీఠా. పక్కనే పప్పు, పులిహోర ఉన్నా తప్పులేదు. సన్నాయి మేళంతో పాటు మర్ఫా వాద్యాలు మోగించే ఆనవాయితీ కూడా హైదరాబాద్ పెళ్లిళ్లలో ఉంది. నిజాం సేనల్లో పనిచేసిన ఆఫ్రికా, యెమెన్ మూలాలవారు తెచ్చిన తాళం అది. బారాత్‌లో వింటే కాళ్లు ఆగవు.

అతిథులు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. చార్మినార్ చుట్టుపక్కల వీధులు ఇరుకు, సాయంత్రం రద్దీ ఎక్కువ. కాస్త దూరంలో దిగి నడవడం మేలు. పచ్చిక మీద, రాతి పలకల మీద తిరగాలి కాబట్టి ఎత్తు మడమల చెప్పులు ఇబ్బంది పెడతాయి. మహళ్ల లోపల నిజాంల దుస్తులు, ఆయుధాలు, ఆవరణలో పాత కార్లు ప్రదర్శనలో ఉంటాయి. విందు వేళ ఆ గదులు తెరిచి ఉంటాయనుకోకూడదు. వాటిని చూడాలనుకుంటే వేరుగా ఒక పగలు టికెట్ కొనుక్కుని రావాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.