బంతి తంతే బువ్వ పెడుతుందా?

సూర్యాపేటలో గానీ, కోదాడలో గానీ, మిర్యాలగూడలో గానీ ఆటల సామాన్లమ్మే కొట్టు ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. ఎర్రటి బనియన్లు వేలాడుతుంటాయి. ఒకదాని మీద ఆర్సెనల్, ఇంకోదాని మీద మాంచెస్టర్ యునైటెడ్. అవి తొడుక్కునే మన మగపిల్లల్ని అడిగితే ఆ జట్టులో గోల్‌కీపర్ ఎవరో, ఎడమ పక్కన ఎవరు ఆడతారో ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేస్తారు. నూర్ మహమ్మద్ ఎవరు నాన్నా అని అడగండి, తెల్లమొహం వేస్తారు. వాళ్లననుకుని ఏం లాభం? మనలో మాత్రం ఎంతమందికి తెలుసు!

మన వైపు ఆటంటే కబడ్డీయే. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు పెడితే, జనం కిక్కిరిసిన గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. ఫుట్‌బాల్ మాత్రం టీవీలో చూసేదే తప్ప మనది కాదనుకుంటాం. కానీ పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరుకునే హైదరాబాద్‌లో ఒకప్పుడు దేశాన్నే గెలిచిన ఫుట్‌బాల్ జట్టుండేది. దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్.

పోలీసు బూట్లే ఆట బూట్లు

1943లో బెంగుళూరులో ఆష్ గోల్డ్ కప్పు పోటీల్లో ఈ జట్టు ఇంగ్లీషు వాళ్ల రాయల్ ఎయిర్‌ఫోర్స్‌ని ఓడించింది. దొరల ఆటలో దొరలనే ఓడించారన్న మాట. ఆ తరవాత 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని వరసగా అయిదేళ్లు ఇంకెవరికీ వదల్లేదు. స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి డ్యూరాండ్ కప్పు జరిగింది 1950లో. అందులోనూ కలకత్తా మోహన్ బగాన్‌ని ఓడించి గెలిచింది మనవాళ్లే. 1956-57, 1957-58లలో సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌కే వచ్చింది.

జట్టులో ఎవరున్నారంటారా? ఎడమ హాఫ్‌లో నూర్ మహమ్మద్, వెనక గోడలా నిలబడే అజీజుద్దీన్, ముందు వరసలో మొయినుద్దీన్. ఆ తరవాతి తరంలో జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది కదా, ఆ జట్టులోని అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సలాం, అహ్మద్ హుస్సేన్, బలరాం అందరూ హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లో పెరిగినవాళ్లే. బూట్లు కొనుక్కునే స్తోమతు లేని ఇళ్ల పిల్లలు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మన ప్రాంతానికి అన్యాయం చేసినట్టవుతుంది. ఆ జట్టు కప్పుల మీద కప్పులు గెలుస్తున్న 1950లో మన సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లో సాయుధ పోరాటం ఇంకా ముగియలేదు. పోలీసు అన్న మాట వింటేనే ఊళ్లకి ఊళ్లు తలుపులు వేసుకునేవి. మన పెద్దవాళ్ల నోట ఆ జట్టు గొప్ప వినబడలేదంటే అందులో ఆశ్చర్యమేముంది? ఆ రోజుల్లో ఆ బట్టలు చూసి చప్పట్లు కొట్టే పరిస్థితి మన వైపు లేదు.

రహీం మాస్టారు

ఈ జట్టుని తీర్చిదిద్దినాయన పోలీసు కాదు, బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. పగలు పిల్లలకి పాఠాలు చెప్పుకునేవారు, 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన పెట్టిన పోటీలు వింటే నవ్వొస్తుంది. ఒకదాంట్లో బంతిని కాలి దగ్గర పెట్టుకుని పరిగెత్తకూడదు, వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే తన్నాలి. మరోదాంట్లో ఇంత ఎత్తు మించినవాళ్లు ఆడకూడదు. పొట్టివాళ్లకీ ఒక రోజు ఉండాలి కదా మరి! ఇలా ఆడీ ఆడీ రెండు కాళ్లూ ఒకేలా పనిచేసే పిల్లలు తయారయ్యారు.

అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం కుర్రతనంలో ఆయన కంట్లో పడ్డాడు. రోజూ సిటీకి వచ్చి ప్రాక్టీసు చెయ్యడానికి డబ్బుల్లేవంటే సైకిలు అద్దె రహీం గారే ఇచ్చారట. ఆ పిల్లాడే తరవాత రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులో బలరాం ఉన్నాడు, యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. పక్కన నిలబడి ఆడించింది రహీం. అప్పటికే ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. ఆయన మీద 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమా మీలో కొందరు చూసే ఉంటారు.

మా అత్తమ్మ అడిగిన మాట

కోదాడలో ఉండే మా ఆడబిడ్డ కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. దానికి ఫుట్‌బాల్ పిచ్చి. సెలవులకి మా ఇంటికొచ్చి, వాళ్ల స్కూల్లో బంతి మగపిల్లలకే ఇస్తారని, ఆడపిల్లలకి తాడాట సరిపోతుందన్నారని చెప్పి మూతి ముడుచుకుంది. మా అత్తమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, "బంతి తంతే బువ్వ పెడ్తదా బిడ్డా?" అంది.

ముసలావిడ చాదస్తమని కొట్టిపారెయ్యకండి. నాకైతే అది అడగాల్సిన ప్రశ్నే అనిపించింది. హైదరాబాద్ తల్లులు కూడా ఇదే అడిగి ఉంటారు. సిటీ పోలీసు దానికి జవాబు చూపించింది. బాగా ఆడితే పోలీసు ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం. ఇంగ్లండులో అయినా అంతేనండీ. మనం టీవీలో చూసే ఆర్సెనల్‌ని 1886లో మొదలుపెట్టింది లండన్ దగ్గర ఆయుధాల ఫ్యాక్టరీ కూలీలు. మాంచెస్టర్ యునైటెడ్‌కి పునాది వేసింది రైల్వే పనివాళ్లు. తేడా ఎక్కడొచ్చిందంటే, అక్కడ ఊరి జనం టిక్కెట్లు కొని ఆ జట్లను తమ సొంతం చేసుకున్నారు. మన జట్టు మాత్రం సర్కారు శాఖలోనే ఉండిపోయింది. మంచి ఆటగాళ్లకి కలకత్తా క్లబ్బులు ఎక్కువ డబ్బిస్తామంటే బలరాం ఈస్ట్ బెంగాల్‌కి, అజీజుద్దీన్ మహమ్మడన్ స్పోర్టింగ్‌కి వెళ్లారు. వాళ్లని తప్పుపట్టగలమా? రహీం కూడా పోయాక ఆ వెలుగు మెల్లగా తగ్గిపోయింది.

ఇక ఆడపిల్లల సంగతికొస్తే, ఇంగ్లండులో ప్రెస్టన్ అనే ఊళ్లో డిక్ కెర్ అనే ఫ్యాక్టరీ ఆడకూలీలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జట్టు కట్టారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో వాళ్ల ఆట చూడ్డానికి 53 వేల మంది వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబరులో అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్లకి తగదని తేల్చి, తన క్లబ్బుల మైదానాలు వాళ్లకి మూసేసింది. ఆ నిషేధం ఎత్తెయ్యడానికి యాభై ఏళ్లు పట్టింది. ఆ జట్టులో పేరుమోసిన లిలీ పార్ నర్సు ఉద్యోగం చేసుకుంటూనే ఎన్నో ఏళ్లు ఆడింది. చూశారా, అక్కడా బువ్వ పెట్టింది వేరే ఉద్యోగమే! దొరసానులకే అంత కష్టమైతే కోదాడ పిల్లకి తాడు ఇచ్చారంటే ఇవ్వరా మరి.

అత్తమ్మకి నేను చెప్పింది సౌమ్య గుగులోత్ గురించి. నిజామాబాద్ జిల్లా పిల్ల, లంబాడీ ఇంటి బిడ్డ. 2022లో యూరప్‌లోని క్రొయేషియాకి వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్బు తరఫున ఆడింది. ఇండియా జట్టులో ఆడింది. 2024-25 సీజనుకి దేశం మొత్తం మీద ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికైంది. ఆ ఏడాది ఆడవాళ్ల జాతీయ లీగు గెలిచిన ఈస్ట్ బెంగాల్‌లో ఉంది. "మరి జీతమిస్తరా?" అంది అత్తమ్మ. ఇస్తారన్నాను. రైల్వేల్లో ఆటగాళ్లకి ఉద్యోగాల కోటా ఉందని కూడా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత మనవరాలితో, "చదువు ఇడువకు" అంది. వద్దని మాత్రం అనలేదు.

పిల్ల వెంటనే అడిగింది, "అత్తా, సౌమ్యక్క హైదరాబాద్ జట్టుకెందుకు ఆడలేదు?" అని. దానికేం చెప్పను? 2019లో పెట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ అనే మగవాళ్ల క్లబ్బు 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టుని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచింది. తరవాత జీతాలు ఇవ్వలేక, అప్పుల్లో పడి, చేతులు మారి, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. బలరాం రోజుల్లోలాగే సౌమ్య కూడా కలకత్తా క్లబ్బులోనే పేరు తెచ్చుకుంది.