క్లచ్ మీద వణికే కాలు

డ్రైవింగ్ పరీక్షలో ముందు వణికేది ఎడమ కాలు. క్లచ్ తొక్కిపట్టి, ఫస్ట్ గేరు వేసి, ఇక మెల్లగా వదలాలి అనుకునేసరికి మోకాలు దానంతటదే ఆడటం మొదలెడుతుంది. ఆపుదామని బిగబడితే ఇంకా ఆడుతుంది. కాలు ఒక్కసారిగా పైకి లేస్తుంది, బండి ఒక కుదుపు కుదిపి ఆగిపోతుంది. బయట నిలబడిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఏమీ అనరు, కాగితం మీద ఏదో రాసుకుంటారు. అది చూశాక చేతులకూ చెమట పడుతుంది. నిన్న సాయంత్రం ఇదే కారును ఇరుకు సందుల్లో తిప్పిన మనిషి, ఇవాళ ఇండికేటర్ వెయ్యబోయి వైపర్ వేస్తాడు.

ఇలా జరిగినవాళ్ళలో చాలామంది ‘నాకిది రాదు’ అని తీర్మానించుకుని ఇంటికొచ్చేస్తారు. ఎల్ఎల్ఆర్ గడువు తీరిపోతుంది. స్కూటీ మూల చేరుతుంది, లేదా లైసెన్సు లేకుండానే తిరుగుతుంది. రెండూ అన్యాయమే. కాలు వణకడానికీ బండి రాకపోవడానికీ సంబంధం లేదు. ఎవరో మనల్ని తూచబోతున్నారని తెలియగానే ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు పరుగుకు సిద్ధమవుతాయి. పరిగెత్తాల్సిన కాలిని అంగుళం అంగుళంగా పైకి లేపమంటే అది వణక్క ఏం చేస్తుంది? భయం వేసిన ప్రతి మనిషికీ ఇంతే. ట్రాక్ దగ్గర వరుసలో ధీమాగా నిలబడినట్టు కనిపించేవాళ్ళకు కూడా.

గురజాడ పుట్టిన ఎస్. రాయవరంలో లైసెన్సు అనేది ఒకప్పుడు లారీలు, ట్రాక్టర్లు తోలేవాళ్ళ మాట. ఇప్పుడలా లేదు. స్కూటీ మీద పక్క ఊరి బడికి వెళ్ళే టీచరమ్మకు అది కావాలి. అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టు డ్యూటీ చేసే కుర్రాడికి కావాలి. పక్క మండలం నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆ పనులూ ఉద్యోగాలూ పెరిగేకొద్దీ బళ్ళూ పెరుగుతాయి. ఇటు రేవుపోలవరం సముద్రం వైపు వెళ్తే ఎదురొచ్చే మనిషిని పలకరిస్తూ పోయే రోడ్డు. అటు అడ్డరోడ్డు చేరితే కోల్‌కతా నుంచి చెన్నై దాకా పోయే 16వ నంబరు జాతీయ రహదారి, వంద దాటిన వేగంతో దూసుకుపోయే కార్లు, ఆగకుండా వచ్చే ట్రక్కులు. ఊరి రోడ్డు మీద నేర్చుకున్న మనిషి హైవే మీదుగా యలమంచిలి, కశింకోట దాటి అనకాపల్లికో, లోపలి రోడ్డున నర్సీపట్నానికో వెళ్ళి పరీక్షకు నిలబడాలి. కొత్త ఊరు, కొత్త ట్రాక్, పరాయి ముఖాలు. సగం బెదురు అక్కడే పుడుతుంది.

అందుకే అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. స్లాట్ రోజుకు ముందే ఒకసారి ఆ ఆఫీసుకు వెళ్ళి, గేటు బయటి నుంచైనా సరే, ఓ గంట నిలబడి చూసి రావాలి. బళ్ళు ఎటు లోపలికి వెళ్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, ఇన్‌స్పెక్టర్ గారు ఎక్కడ నిలబడుతున్నారు, పిలుపు ఎలా వస్తోంది అన్నీ కళ్ళారా చూడాలి. ఎవరో ఒకరి బండి ఆగిపోవడం, మళ్ళీ స్టార్ట్ చేసుకుని ముందుకు పోవడం తప్పకుండా కనిపిస్తాయి. ఆగినంత మాత్రాన ఆకాశం విరిగి పడలేదని అప్పుడు నమ్మకం కుదురుతుంది.

ముగ్గుతో గీసిన ఎనిమిది

టూవీలర్ పరీక్షలో అందరినీ బెదరగొట్టేది ఎనిమిది. కాలు కింద పెట్టకుండా ఆ అంకె మీద తిరిగి రావాలి. పడేవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఒకటే: చూపు ముందు చక్రం మీద పెడతారు. చక్రాన్ని చూస్తే బండి ఊగుతుంది, ఊగితే భయం వేస్తుంది, భయం వేస్తే చెయ్యి ముందు బ్రేకు మీదికి పోతుంది. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టామా, బండి ఒరిగిపోయినట్టే. చూపు ఎప్పుడూ రాబోయే మలుపు చివర ఉండాలి. తల అటు తిప్పితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే హ్యాండిల్ దానంతటదే తిరుగుతుంది. గేర్ల బండయితే ఫస్ట్ గేరు, హాఫ్ క్లచ్, కాస్త రేజు, వెనక బ్రేకు మీద పాదం ఆన్చీ ఆన్చనట్టు. స్కూటీకి క్లచ్ లేదు కనుక సన్నగా రేజు ఇస్తూనే వెనక బ్రేకును తేలిగ్గా పట్టుకుంటే వేగం అదుపులో ఉంటుంది. గడ్డం పైకెత్తి నడిపేవాళ్ళు ఎనిమిదిలో పడటం అరుదు.

దీనికి మన వాకిట్లో ఉన్న సరుకు చాలు. పంట ఎత్తేసిన కళ్ళంలోనో, ఆదివారం ఖాళీగా ఉన్న బడి ఆవరణలోనో ముగ్గు పిండితో పెద్ద ఎనిమిది గీసి సాధన చెయ్యొచ్చు. మొదట వెడల్పుగా, తర్వాత కొంచెం ఇరుకుగా. ట్రాక్ మీద ఉండేదానికన్నా ఇరుకైన ఎనిమిది ఇంటి దగ్గర తిప్పగలిగితే, పరీక్ష రోజు ట్రాక్ విశాలంగా కనిపిస్తుంది. కారువాళ్ళు రెండు జతల కర్రలు పాతి హెచ్ ఆకారంలో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఎత్తు ఎక్కించడం కావాలంటే చెరువు గట్టు ఎక్కే దారి ఉంది. హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్ నెమ్మదిగా వదులుతూ, బానెట్ కాస్త పైకి లేచి ఇంజను గొంతు బరువెక్కినప్పుడు హ్యాండ్ బ్రేకు దించాలి. ఆ గొంతు మార్పు చెవికి పట్టుబడితే బండి వెనక్కి జారదు. చెవికి తెలిసిన పనిని భయం అంత తేలిగ్గా చెరపలేదు.

డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకునేవాళ్ళకు ఇంకో మాట. స్కూలు కారులో మాస్టారి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. మలుపులో బండి చక్కగా నెమ్మదించింది. తొక్కింది మన కాలా, ఆయన కాలా? చాలామందికి తెలియదు. పరీక్ష రోజు ఆ రెండో కాలు లేదని శరీరం పసిగడుతుంది, ఆ బెదురులో నిజముంది. కాబట్టి చివరి రోజుల్లో ‘మాస్టారూ, ఇవాళ మీరు కాళ్ళు వెనక్కి పెట్టి కూర్చోండి’ అని అడగాలి. మంచి మాస్టారు కాదనరు. బండి పూర్తిగా నా చేతిలోనే ఉంది అన్న అనుభవం పరీక్షకన్నా ముందే కలగాలి.

మాట్లాడని మనిషి పక్కన

నేర్పేవాళ్ళు మాట్లాడుతూ ఉంటారు. ‘గేరు మార్చు’, ‘అద్దం చూడు’, ‘ఆపమ్మా ఆపు’. పరీక్ష పెట్టేవాళ్ళు మాట్లాడరు. ఆ మౌనం అలవాటు లేకనే చాలామంది తడబడతారు. మా మేనకోడలికి నేర్పేటప్పుడు ఒక పొద్దున్న కారెక్కి నేను నోరు విప్పకుండా కూర్చున్నాను. చేతిలో చిన్న పుస్తకం, పెన్ను. కాసేపు చూసి అడిగింది:

“ఏటి మామయ్యా, మాటాడవేటి? భయమేస్తంది.”

“ఇప్పుడు నేను నీ మామయ్యని కాదమ్మా, ఇన్‌స్పెక్టర్ని. పోనియ్.”

పుస్తకంలో నేను గీస్తున్నది పిచ్చిగీతలే. ఆ పెన్ను కదిలినప్పుడల్లా ఆమె స్టీరింగు బిగించి పట్టుకునేది. కొన్నాళ్ళకు పెన్ను సంగతే మర్చిపోయింది. ఎవరో చూస్తున్నారన్న స్పృహను సాధనలోకే తెచ్చుకోవాలి. బావగారినో, పొరుగింటి అన్ననో, లైసెన్సు ఉన్నవాళ్ళెవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కింది మొదలు దిగేదాకా ఒక్క ముక్క మాట్లాడవద్దని ఒట్టు పెట్టించుకోండి.

ఈ చూపుల బరువు సముద్రాలు దాటినా తగ్గదు. ఇక్కడి లైసెన్సుతో బ్రిటన్ వెళ్ళిన మన పిల్లలు అక్కడ పన్నెండు నెలలు బండి నడపొచ్చు. ఆపైన అక్కడి పరీక్ష రాయాలి, నడిపి చూపాలి. పరీక్షకుడు పక్క సీట్లోనే కూర్చుని దాదాపు నలభై నిమిషాలు ఊరంతా తిప్పిస్తాడు. చిన్న తప్పులు పదిహేను దాకా క్షమిస్తారు, పెద్ద తప్పు ఒక్కటి చేస్తే అంతే సంగతి. ఇక్కడ ఏళ్ళ తరబడి కారు నడిపినవాళ్ళే అక్కడ తొలిసారి తప్పడం మామూలు. అద్దం చూడటం, భుజం మీదుగా వెనక్కి చూడటం వాళ్ళకు అలవాటు లేకపోవడం ఒక కారణం. పక్క మనిషి మౌనం మరో కారణం. అక్కడివాళ్ళు కూడా ధీమాగా గట్టెక్కుతున్నారని అనుకోకండి. ఆ దేశంలో పరీక్షకు కూర్చున్నవాళ్ళలో సగానికి పైగా తప్పుతూనే ఉన్నారు.

పరీక్ష భయం మీద శాస్త్రవేత్తలు చెప్పినవాటిలో రెండు నాకు పనికొచ్చేవిగా కనిపించాయి. షికాగో విశ్వవిద్యాలయంలో జెరార్డో రామిరెజ్, సియాన్ బైలాక్ చేసిన పరిశోధన 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న విద్యార్థులు, ముఖ్యంగా ఎక్కువ బెదిరేవాళ్ళు, మెరుగ్గా రాశారు. బుర్రలో గిరగిరా తిరిగే ‘పడిపోతానేమో, నవ్వుతారేమో’ కాగితం మీదికి వచ్చేస్తే బుర్ర ఖాళీ అవుతుందన్నమాట. రెండోది 2014లో హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ చేసింది. భయంగా ఉన్నప్పుడు ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అనుకున్నవాళ్ళ కన్నా ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అనుకున్నవాళ్ళు పాడటంలోనూ, మాట్లాడటంలోనూ, లెక్కలు చెయ్యడంలోనూ బాగా రాణించారు. దడదడలాడే గుండెను ఊరుకోమంటే ఊరుకోదు. ఇది పండగ దడే అని దానికి చెప్పుకోవడం సులువు.

పరీక్ష రోజు పొద్దున్న ఖాళీ కడుపుతో బయల్దేరకండి. నాలుగు ఇడ్లీలు తిని వెళ్ళండి. మామూలుగా తాగే ఒక్క టీ చాలు, లైన్లో నిలబడి వరసగా తాగితే వణుకు పెరుగుతుంది. కాగితాలన్నీ ముందురోజు రాత్రే సంచిలో పెట్టుకోండి. పిలుపు వచ్చాక సీటు సర్దుకోండి, అద్దాలు సరిచేసుకోండి, బెల్టు పెట్టుకోండి. మోటారు వాహన నియమాల్లో పరీక్షించాల్సిన అంశాల జాబితా అద్దం సర్దుకోవడంతోనే మొదలవుతుంది కాబట్టి ఈ నిమిషం వృథా కాదు, మీకు మార్కులు తెచ్చే నిమిషం. అద్దం సర్దుతూ ఊపిరి నిండా పీల్చి, పీల్చిన దానికన్నా నెమ్మదిగా వదలండి. కాలు వణుకుతోందా? మడమను నేలకు ఆన్చి పాదాన్ని మాత్రమే కదపండి, వణుకు చాలావరకు నేల పట్టుకుంటుంది. వణుకు తగ్గుతుందని ఎవరో ఇచ్చిన మాత్ర మాత్రం మింగకండి, మగత వచ్చి మొదటికే మోసం. స్టీరింగు తలుచుకుంటేనే ఊపిరాడనంత భయం కొందరికి ఉంటుంది. అలాంటప్పుడు డాక్టర్ని కలవాలి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌లో ఉచితంగా మాట్లాడతారు.

భయపడ్డ మనిషి చెవిలో పడే మాట ఇంకొకటుంది: ‘నేను చూసుకుంటా, మీరు ఊరికే వచ్చి నిలబడండి.’ గేటు బయట ఆ మాట చెప్పే మనిషి మంచివాడిలాగే కనిపిస్తాడు. ఎనిమిది తిప్పక్కర్లేకుండానే కార్డు చేతికొస్తుంది. దీన్ని నేను ఎంతమాత్రం సమర్థించలేను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది అని కేంద్రం లెక్క. ట్రాక్ మీద దాటవేసిన భయం ఎక్కడికీ పోదు, అడ్డరోడ్డు దగ్గర హైవే ఎక్కేటప్పుడు ట్రక్కు హారను వినగానే తిరిగొస్తుంది. అక్కడ బండి ఆగిపోతే వారం తర్వాత మళ్ళీ రమ్మనేవారు ఉండరు. ఇప్పటి చట్టం ప్రకారం ముప్ఫై ఏళ్ళలోపు తీసుకున్న లైసెన్సు నలభయ్యో ఏడు దాకా చెల్లుతుంది. అన్నేళ్ళలో మళ్ళీ ఎవరూ మనల్ని ట్రాక్ ఎక్కమనరు. ఉన్న ఒక్క పరీక్షనూ నిజంగా ఎదుర్కోవాలి.

తప్పితే? చట్టం కఠినంగా లేదు. వారం ఆగి మళ్ళీ వెళ్ళొచ్చు. మూడుసార్లు తప్పితే అరవై రోజులు ఆగాలి. దక్షిణ కొరియాలో చా సా-సున్ అనే ఆవిడ కూరగాయలు అమ్ముకునేది. రాత పరీక్షకు 2005లో తొలిసారి కూర్చుంది. 2009లో 950వ ప్రయత్నంలో నెగ్గింది. నడిపే పరీక్షలతో కలిపి 960 ప్రయత్నాలయ్యాక, 2010లో, 69 ఏళ్ళ వయసులో లైసెన్సు అందుకుంది. మనవళ్ళను జంతు ప్రదర్శనశాలకు తీసుకెళ్ళాలని ఆమె కోరిక. హ్యుందాయ్ కంపెనీ ఆమెకు కారు బహుమతిగా ఇచ్చింది. ఆమె పోరాటం ఎక్కువగా పుస్తకంతో, మనది కాలి వణుకుతో. ఆ పట్టుదలలో పదో వంతు కూడా మనకు అక్కర్లేదు.

తప్పి వచ్చినవాళ్ళు ఆ వారంలో చెయ్యాల్సింది, ఎక్కడ తప్పామో ఆ ఒక్క ముక్కనే సాధన చెయ్యడం. రివర్స్‌లో కర్ర తగిలితే రివర్సే. ఎవరూ లేనప్పుడు బాగా వచ్చి, చూస్తుంటే రాకపోతే చూసే మనుషుల్ని పెంచుకోవాలి. ఎవరూ లేనప్పుడు కూడా రాకపోతే తప్పు భయానిది కాదు, ఇంకొన్ని పొద్దులు నేర్చుకోవాలి. ఇంట్లోవాళ్ళు కూడా ఒకటి చెయ్యొచ్చు. పరీక్ష తేదీ వీధంతా చాటకండి. తప్పి వచ్చిన పిల్లను గుమ్మంలోనే ‘ఏమైంది? పోయిందా?’ అని నిలదీయకండి. అన్నం తిననివ్వండి. ఎల్ఎల్ఆర్ గడువు ఇంకా ఉందో లేదో చూసి, మర్నాడు పొద్దున్నే కారుకు ఎర్రటి ఎల్ బోర్డు కట్టి, లైసెన్సు ఉన్నవాళ్ళొకరు పక్క సీట్లో ఎక్కండి.